కీబోర్డులోనే కంప్యూటర్: ఆఫీసు స్టాఫ్‌కి ఇది పనికొస్తుందా?

బెజవాడ_సిస్టమ్స్:
అందరికీ నమస్తే. విజయవాడలో ఒక ట్రేడింగ్ కంపెనీలో సిస్టమ్స్ చూసుకుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, మా దగ్గరున్న పాత సీపీయూల్లో చాలావరకు విండోస్ 11 ఎక్కదు, ఆడిటర్లు కూడా ఇక మార్చాల్సిందే అంటున్నారు. మినీ పీసీలు తీసుకుందామని నేను కొటేషన్లు తెప్పిస్తుంటే మా ఎండీ గారు 2026 సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో హెచ్‌పీ చూపించిన ఎలైట్‌బోర్డ్ జీ1ఏ వీడియో చూసి "ఇవే పెట్టేస్తే టేబుళ్ల కింద డబ్బాలు ఉండవు కదా" అన్నారు. చూడటానికి మామూలు కీబోర్డే, మందం 12 మిల్లీమీటర్ల దాకా, బరువు ముప్పావు కిలో దరిదాపుల్లో, లోపల రైజెన్ ఏఐ 300 సిరీస్ ప్రాసెసర్, కావాలంటే బ్యాటరీ కూడా. యూఎస్‌బీ సీ కేబుల్‌తో మానిటర్‌కి తగిలిస్తే చాలు. వస్తువు బాగుందని నాకూ అనిపించింది. కానీ అకౌంట్స్, బిల్లింగ్, డిస్పాచ్ వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టే కీబోర్డులోనే మొత్తం కంప్యూటర్ పెట్టడం తెలివైన పనేనా? ఇలాంటివి వాడినవాళ్ళు, రిపేర్ చేసేవాళ్ళు ఉంటే చెప్పండి.

రాక్_కేబుల్:
వద్దండి. ఆఫీసులో అన్నిటికంటే ముందు పాడయ్యేది కీబోర్డు. కీలు అరిగిపోతాయి, స్పేస్ బార్ ఇరుక్కుంటుంది, టీ ఒలుకుతుంది, బిస్కెట్ పొడి పడుతుంది. ఇవాళ అలా అయితే స్టోర్ రూమ్ నుంచి ఐదారు వందల రూపాయల కీబోర్డు తెచ్చి తగిలిస్తాం, అవతలి మనిషి కుర్చీలోంచి లేవకముందే పని అయిపోతుంది. అదే కీబోర్డులో మదర్‌బోర్డు, ఎస్‌ఎస్‌డీ, లైసెన్సు, లాగిన్ అన్నీ ఉంటే, ఒక్క "ఈ" అక్షరం పడకపోయినా ఆ మనిషి పని మొత్తం ఆగిపోతుంది. అన్నిటికంటే చవకైన భాగాన్నీ అన్నిటికంటే ఖరీదైన భాగాన్నీ ఒకే పెట్టెలో బిగించడం ఏ లెక్కన చూసినా నాకు నచ్చదు.

మీరు ముందు అనుకున్న మినీ పీసీయే సరైనది. లీటర్ సైజు డబ్బాలు లెనోవో, డెల్, హెచ్‌పీ అన్నీ ఇస్తున్నాయి, మానిటర్ వెనకాల వెసా బ్రాకెట్‌కి (స్టాండ్ బిగించే స్క్రూ రంధ్రాలకి) బిగిస్తే కంటికి కూడా కనపడవు. ఎండీ గారికి కావాల్సింది టేబుల్ కింద డబ్బా లేకపోవడమే అయితే అది అక్కడే తీరిపోయింది.

హైటెక్_సిటీ:
@రాక్_కేబుల్ లాప్‌టాప్‌లో కూడా కీబోర్డు, మదర్‌బోర్డు ఒకే పెట్టెలోనే కదా ఉన్నాయి? దాన్ని ఆఫీసులన్నీ ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. మా ఆఫీసులో వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసు నుంచి, సీటు ఎవరిదీ కాదు, ఖాళీగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చోవడమే. ఇంట్లో మానిటర్ ఉంది, ఆఫీసులో మానిటర్ ఉంది. మధ్యలో లాప్‌టాప్ స్క్రీన్‌ని నేను మోసుకెళ్ళడమే తప్ప చూసింది లేదు. ఎవరైనా లాప్‌టాప్ మీదే గంటలు గంటలు పని చేస్తే మెడ వంగిపోతుంది, అది నా చుట్టూ ఉన్నవాళ్ళలో రోజూ చూస్తున్నాను. నాలాంటి వాళ్ళకి ఈ కీబోర్డు పీసీ సరిగ్గా సరిపోతుంది.

రాక్_కేబుల్:
లాప్‌టాప్‌కి స్క్రీన్ ఉంది, బ్యాటరీ ఉంది, మీటింగ్ రూమ్‌లోకి పట్టుకెళ్ళొచ్చు, కస్టమర్ ముందు తెరవొచ్చు. అంత సౌకర్యం ఇస్తుంది కాబట్టి ఆ రిస్క్ ఒప్పుకున్నాం. ఇది మీటింగ్ రూమ్‌కి తీసుకెళ్తే అక్కడ ఖాళీ మానిటర్ వెతుక్కోవాలి.

ట్యాలీ_అక్క:
నేను అకౌంట్స్ మనిషిని, వరంగల్. మీరందరూ ప్రాసెసర్ గురించి మాట్లాడుతున్నారు, మాకు ముందు కావాల్సింది నంబర్ ప్యాడ్. వోచర్ ఎంట్రీ చేసేటప్పుడు ఎడమ చేతిలో బిల్లు, కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీద, కళ్ళు బిల్లు మీద. కీల మధ్య ఎడం కాస్త తేడా వచ్చినా అంకె తప్పు పడుతుంది, అది నెలాఖరున బ్యాంక్ రికన్సిలియేషన్‌లో బయటపడుతుంది. అందుకని కొనేముందు స్పెసిఫికేషన్ షీట్ మీద సంతకం పెట్టకండి తమ్ముడూ, అకౌంట్స్‌లో ఒకరిని కూర్చోబెట్టి నిజమైన బిల్లులు ఎంట్రీ చేయించి చూడండి.

రెండోది, మాకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తగిలించాలి. ఒక్కో డైరెక్టర్‌కి ఒక్కో టోకెన్, అవన్నీ పాత పెద్ద యూఎస్‌బీ పిన్నువే. టెండర్ వేసే రోజు, రిటర్న్ ఫైల్ చేసే రోజు అది పట్టకపోతే ఎంత టెన్షనో మాకే తెలుసు. మీరు చెప్పేదానికి ఎన్ని పోర్టులున్నాయి?

బెజవాడ_సిస్టమ్స్:
@ట్యాలీ_అక్క రెండు యూఎస్‌బీ సీ పోర్టులు అక్కా, పెద్ద యూఎస్‌బీ లేదు. ఒకటి మానిటర్‌కి పోతుంది. మానిటర్‌లోనే హబ్ (అదనపు యూఎస్‌బీ పోర్టులు) ఉంటే టోకెన్ దాని వెనకాల పెట్టుకోవచ్చు, లేదంటే విడిగా హబ్ కొనాలి.

ట్యాలీ_అక్క:
అంటే డబ్బా పోయి హబ్ వచ్చిందన్నమాట. ఆ హబ్ టేబుల్ మీద వేలాడుతూ ఉంటుంది, కేబుల్ కదిలితే టోకెన్ డిస్కనెక్ట్. మాకు ఇది కుదరదు.

మీసేవ_కౌంటర్:
అక్క చెప్పింది నిజం. మా కౌంటర్‌లో వేలిముద్ర మెషిన్, కంటిపాప స్కానర్, ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, ఒక్కోసారి పెన్ డ్రైవ్ కూడా. అన్నీ యూఎస్‌బీ ఏ, అంటే ఆ పాత పెద్ద పిన్నువే. ఇవన్నీ ఒక కీబోర్డుకి వేలాడదీస్తే, టైప్ చేసేటప్పుడు కీబోర్డు కాస్త జరిపినప్పుడల్లా కేబుళ్లన్నీ లాగినట్టే. కీబోర్డు కదిలే వస్తువు, కంప్యూటర్ కదలకుండా ఒకచోట ఉండాల్సిన వస్తువు.

పాతకాలం_మాస్టారు:
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. కొత్తది అనుకుంటున్నారు గానీ, ఇళ్ళలోకి, బళ్ళలోకి వచ్చిన మొదటి తరం కంప్యూటర్లలో చాలావరకు ఈ రూపంలోవే. 1977లో వచ్చిన యాపిల్ 2, 1981 చివర్లో వచ్చిన బీబీసీ మైక్రో, 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64, అన్నిటిలోనూ కీబోర్డే కంప్యూటర్, ఇంట్లో టీవీనో చిన్న మానిటరో దానికి తెర. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 1984లో బళ్ళలో కంప్యూటర్ అక్షరాస్యత కోసం క్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది ఆ బీబీసీ మైక్రోనే. నేను పని చేసిన గుంటూరు బడికి కూడా అవి వచ్చాయి. చెప్పులు బయట విప్పి, పిల్లలు వరసగా లోపలికి వచ్చేవాళ్ళు. గట్టి కీలు, బాగా పని చేసేవి.

మరి ఆఫీసులు ఆ దారిలో ఎందుకు పోలేదు? 1981లోనే ఐబీఎం పీసీ వచ్చింది, దానికి కీబోర్డు విడిగా చుట్టలు చుట్టిన తీగతో ఉండేది. గుమాస్తా ఆ కీబోర్డును దగ్గరకు లాక్కోవచ్చు, పక్కకు జరపొచ్చు, ఒళ్ళో కూడా పెట్టుకోవచ్చు. పెట్టె మూత తీసి కొత్త కార్డు పెట్టుకోవచ్చు. ఆఫీసుకి కావాల్సింది అదీ. ఇంట్లో, బడిలో మటుకు చవకగా రావడం ముఖ్యం, అందుకని కీబోర్డులో కంప్యూటర్ అక్కడ నిలబడింది, 1992 నాటి అమిగా 1200 దాకా.

కాబట్టి సీపీయూ పెద్దదై కీబోర్డులో పట్టక విడిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆఫీసు పనికి విడిగా ఉండటమే మేలు కాబట్టి విడిగా నిలిచింది.

కార్డిఫ్_తెలుగు:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. ఆ దారిలోనే ఒక కొనసాగింపు నా టేబుల్ మీద ఉంది. చవకైన చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు 2020 నవంబర్‌లో పై 400 అని 70 డాలర్లకి తెచ్చారు, 2024 డిసెంబర్‌లో పై 500 వచ్చింది, 2025 సెప్టెంబర్‌లో మెకానికల్ కీలు, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 500 ప్లస్ వచ్చింది, వచ్చినప్పుడు 200 డాలర్లు. రాస్ప్‌బెర్రీ పై బోర్డులు తయారయ్యే సోనీ ఫ్యాక్టరీ మా ఊరికి దగ్గరే, పెన్‌కోయిడ్‌లో. నా దగ్గర పై 500 ఉంది. ఆఫీసు పని అంటే నాకు బ్రౌజర్, మెయిల్, రిమోట్ డెస్క్‌టాప్. అన్నీ హాయిగా నడుస్తున్నాయి, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడే లేదు, 27 వాట్ల అడాప్టర్‌తో మొత్తం నడిచిపోతుంది.

@బెజవాడ_సిస్టమ్స్ అసలు ప్రశ్న మీ వాళ్ళ పని ఎక్కడ నడుస్తుందన్నది. పని అంతా సర్వర్‌లోనో క్లౌడ్‌లోనో వర్చువల్ డెస్క్‌టాప్ మీద నడిచి, ఇక్కడ తెర మాత్రమే కనపడేలా ఉంటే, చేతిలో ఉన్న కీబోర్డు పోయినా ఇంకోటి తగిలించి లాగిన్ అయితే ఆపిన చోట నుంచే మొదలుపెట్టొచ్చు. అప్పుడు రాక్_కేబుల్ గారు చెప్పిన ఇబ్బంది ఉండదు. పని ఆ పెట్టెలోని డిస్క్ మీదే ఉంటే మాత్రం ఆయన చెప్పినదే నిజం.

బెజవాడ_సిస్టమ్స్:
మా ట్యాలీ డేటా సర్వర్ మీదే ఉంది, కానీ ప్రోగ్రామ్ ఒక్కో సిస్టమ్‌లో నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై మీద విండోస్ ప్రోగ్రామ్ నేరుగా నడవదు కాబట్టి మాకు అది దారి కాదు, రిమోట్ డెస్క్‌టాప్ పెడితే తప్ప. రిమోట్ పెట్టాలంటే సర్వర్ ర్యామ్ పెంచాలి, లైసెన్సులు కొనాలి.

ట్యాలీ_అక్క:
ఆ రాస్ప్‌బెర్రీ పైలో నంబర్ ప్యాడ్ లేదు, ఫొటోలు చూశాను :)

కార్డిఫ్_తెలుగు:
అవునక్కా, 400లో లేదు, 500లో లేదు, 500 ప్లస్‌లోనూ లేదు. 2010లో అసూస్ ఈ కీబోర్డ్ అని ఒకటి వచ్చింది, అందులోనైతే నంబర్ ప్యాడ్ ఉండాల్సిన చోట 5 అంగుళాల టచ్ స్క్రీన్ పెట్టారు. అది టీవీ ముందు సోఫాలో కూర్చునేవాళ్ళ కోసం చేసింది.

డీటీపీ_నెల్లూరు:
నా బాధ వేరే. నేను తెలుగు టైపింగ్ చేసి బతికేవాణ్ణి. అనూ స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ లేఅవుట్ మీద చెయ్యి అలవాటైంది, చూడకుండా కొడతాను. వేళ్ళకి కావాల్సింది కీ లోతు, తిరిగి పైకి లేచే బలం. నా టేబుల్ మీద టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉంది, చెర్రీ బ్లూ స్విచ్‌లు, టకటకా చప్పుడు. కంప్యూటర్లు మారాయి, మానిటర్లు మారాయి, అది మాత్రం మారలేదు. మన బ్యాంకుల్లో, టికెట్ కౌంటర్లలో చూడండి, ఎంతోమంది అదే కొడుతుంటారు. 12 మిల్లీమీటర్ల పలచటి కీబోర్డులో ఆ లోతు ఎక్కడి నుంచి వస్తుంది? రోజంతా టైప్ చేసే మనిషికి తన కీబోర్డు తను ఎంచుకునే హక్కు ఉండాలి. కంపెనీ కంప్యూటర్ ఇస్తూ దాంతోపాటు కీబోర్డును కూడా నెత్తిన పెడితే, చివరికి ఆ మనిషి దాని పక్కన ఇంకో కీబోర్డు పెట్టుకుని పని చేస్తాడు. అప్పుడు టేబుల్ మీద రెండు కీబోర్డులు.

రాక్_కేబుల్:
+1. ఇంతకంటే బలమైన మాట ఈ చర్చలో రాలేదు.

హైటెక్_సిటీ:
ఒప్పుకుంటాను, డేటా ఎంట్రీ వాళ్ళకి కుదరదు. కానీ ఆఫీసంటే డేటా ఎంట్రీ ఒక్కటే కాదు కదా. మాలో చాలామంది రోజులో సగం మీటింగుల్లో వింటూ, చదువుతూ గడుపుతారు, నాలుగు మెయిళ్ళు కొడతారు. వాళ్ళకి కీ లోతు అంత పట్టింపు కాదు. వాళ్ళ బ్యాగులో కిలోన్నర లాప్‌టాప్ బదులు ముప్పావు కిలో ఉంటే మెట్రోలో నిలబడి వచ్చేవాళ్ళకి అది పెద్ద తేడానే.

సర్వీస్_బెంచ్:
రిపేర్ వైపు నుంచి చెప్తాను, లాప్‌టాప్‌లు బాగు చేసే షాపు నాది. మా దగ్గరికి వచ్చే నీళ్ళ కేసుల్లో దాదాపు అన్నీ కీబోర్డు మీద నుంచి లోపలికి దిగినవే. నీళ్ళకంటే టీ, కూల్‌డ్రింక్ ఘోరం, చక్కెర ఉంటుంది కాబట్టి ఎండాక కూడా బోర్డు మీద అంటుకుని మెల్లమెల్లగా తినేస్తుంది. పడిన వెంటనే ఆఫ్ చేసి బ్యాటరీ తీసేస్తే చాలావరకు బతుకుతుంది. జనం ఏం చేస్తారంటే, తుడిచేసి, పని చేస్తోందా లేదా అని ఆన్ చేసి చూస్తారు, అక్కడే షార్ట్ అయిపోతుంది.

కీబోర్డు పీసీలో ఒలికిన నీళ్ళు బయటికి పోవడానికి దారి ఉందా, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ ఊడదీసి మార్చేలా ఉన్నాయా, కీల భాగం విడిగా దొరుకుతుందా, ఈ మూడు అడగండి. మూడోదే అన్నిటికంటే ముఖ్యం. కీల భాగం నాలుగు స్క్రూలతో ఊడి వచ్చి విడిగా దొరికితే రాక్_కేబుల్ గారి భయం సగం తగ్గుతుంది. లేకపోతే స్పేస్ బార్ పోయినందుకు మొత్తం పీసీ కొరియర్‌లో వెళ్తుంది. ఈ మధ్య ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎక్కాయో చూస్తూనే ఉన్నారు, బోర్డు పోతే దానికి అతికించిన ర్యామ్ కూడా పోయినట్టే, అలాంటిది మాత్రం ఎవరూ కొనకండి.

వేడి సంగతి కూడా చూడండి. మే నెలలో ఏసీ లేని డిస్పాచ్ సెక్షన్‌లో కింద నుంచి ఫ్యాన్ వేడిగాలి, పైన వేళ్ళు. అరగంట వీడియో కాల్‌లో పెట్టి కీల మీద చెయ్యి పెట్టి చూడండి.

మీసేవ_కౌంటర్:
కరెంటు పోతే?

బెజవాడ_సిస్టమ్స్:
బ్యాటరీ ఉన్న మోడల్ తీసుకుంటే కంప్యూటర్ ఆగదు, చేసిన పని పోదు, కానీ మానిటర్ ఆరిపోతుంది. మినీ పీసీకైతే యూపీఎస్ కావాలి, ఇప్పుడున్న యూపీఎస్‌లే సరిపోతాయి, అవి పాత సీపీయూలనే మోశాయి కదా.

రాక్_కేబుల్:
ఇంకో సంగతి, మీ మానిటర్లు ఏవి? ఇది తేలకుండా మిగతాది మాట్లాడి లాభం లేదు. యూఎస్‌బీ సీలో వీడియో తీసుకుని, అదే తీగలో కరెంటు వెనక్కి ఇచ్చే మానిటర్ అయితేనే ఆ ఒక్క కేబుల్ ముచ్చట. మన చిన్న ఆఫీసుల్లో ఇంకా వీజీఏ, కాస్త కొత్తదైతే హెచ్‌డీఎంఐ. అప్పుడు కీబోర్డు పీసీతో పాటు మానిటరూ మార్చాలి, లేదా డాక్ (యూఎస్‌బీ సీని పాత పోర్టులకి కలిపే పెట్టె) కొనాలి. కేబుల్ పొడవు కూడా చూడాలి, 40 గిగాబిట్ల వేగానికి మామూలు యూఎస్‌బీ సీ తీగ 0.8 మీటర్ల దాకే. బొమ్మకి అంత వేగం అక్కర్లేదు, తక్కువ వేగం తీగ ఇంకాస్త పొడుగు వస్తుంది, కానీ స్టోర్ నుంచి ఏదో ఫోన్ ఛార్జింగ్ తీగ తెచ్చి తగిలిస్తే బొమ్మే రాదు, బొమ్మ రావట్లేదని మీకు ఫోన్ కాల్ వస్తుంది.

బెజవాడ_సిస్టమ్స్:
దాదాపు అందరివీ హెచ్‌డీఎంఐ, వీజీఏ కలిసి ఉన్నవే. యూఎస్‌బీ సీ ఉన్నవి సేల్స్ టీమ్ దగ్గర కొన్ని, ఎండీ గారి గదిలో ఒకటి.

రాక్_కేబుల్:
అయితే అకౌంట్స్‌కి లెక్క తేలిపోయింది.

హైటెక్_సిటీ:
సేల్స్ టీమ్‌కి ఇవ్వొచ్చు కదా మరి?

ట్యాలీ_అక్క:
సేల్స్ వాళ్ళు బజార్లో తిరిగేవాళ్ళు, కస్టమర్ దగ్గర స్క్రీన్ చూపించాలి. వాళ్ళకి లాప్‌టాప్ తీసేసి ఇది ఇస్తే గొడవ చేస్తారు. ఆఫీసులోనే కూర్చుని ఆర్డర్లు చూసేవాళ్ళు, హెచ్‌ఆర్, రిసెప్షన్, అలాంటి సీట్లు చూడండి.

పాతకాలం_మాస్టారు:
రిసెప్షన్ దగ్గర దొంగతనం సంగతి ఆలోచించండి నాయనా. పెద్ద డబ్బా ఎత్తుకెళ్ళాలంటే నలుగురు చూస్తారు. కీబోర్డు చంకలో పెట్టుకుని వెళ్తే ఎవరికి అనుమానం వస్తుంది?

సర్వీస్_బెంచ్:
మాస్టారు మంచి పాయింట్ పట్టుకున్నారు. లాక్ కేబుల్ తప్పనిసరి, డిస్క్ విండోస్‌లోని బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉండాలి, అప్పుడు దొంగకి డేటా చదవడం రాదు. 2023 డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక కస్టమర్ల ఫోన్ నంబర్లున్న డిస్క్ పోతే కంపెనీ జవాబు చెప్పాల్సి ఉంటుంది. ఇంకొకటి, హౌస్‌కీపింగ్ వాళ్ళకి ముందే చెప్పండి. కీబోర్డును తలకిందులు చేసి టేబుల్‌కేసి కొట్టి దుమ్ము దులపడం మన ఆఫీసుల్లో మామూలు. తడిగుడ్డతో తుడవడం కూడా.

డీటీపీ_నెల్లూరు:
అది నేనే చేస్తాను ప్రతి శనివారం. గోల్డ్‌కి ఏమీ కాదు.

కార్డిఫ్_తెలుగు:
నా మాట ఏంటంటే, ఈ వస్తువును కొట్టిపారేయకండి. మనిషి తిరుగుతూ, మానిటర్ రెండు చోట్లా ఉండి, చుట్టూ పరికరాలు తగిలించే పని లేకపోతే లాప్‌టాప్‌కంటే ఇదే మేలు. మూడింటిలో ఒక్కటి తప్పినా మినీ పీసీయో లాప్‌టాపో తీసుకోండి. మీ ఆఫీసులో మూడూ కుదిరేవాళ్ళు ఎంతమంది?

బెజవాడ_సిస్టమ్స్:
లెక్క వేసుకున్నాను. హెచ్‌ఆర్‌లో ఇద్దరు, ఇంటి నుంచి సగం రోజులు పని చేసే పర్చేజ్ మేడమ్ ఒకరు. ఎండీ గారిని కూడా కలుపుకోవచ్చు, ఆయన గదిలో యూఎస్‌బీ సీ మానిటర్ ఉంది, ఇంట్లోనూ ఉంది. అకౌంట్స్, బిల్లింగ్, డిస్పాచ్ మొత్తానికి మానిటర్ వెనకాల మినీ పీసీ, కీబోర్డు ఎవరిది వాళ్ళ ఇష్టం. ఎండీ గారికి ఇదే చెప్తాను, ముందు ఒక డెమో పీస్ అడిగి ఆయన టేబుల్ మీదే పెడితే ఆయనకీ తెలుస్తుంది. వెండర్‌కి మెయిల్ రాస్తున్నాను, ఇంకేమైనా కలపాలా?

సర్వీస్_బెంచ్:
కీల భాగం విడిగా ఎంత, వారంటీలో మన ఆఫీసుకే వచ్చి మారుస్తారా, బాగయ్యేదాకా వేరే పీస్ ఇస్తారా, ఒలికిన నీళ్ళకి కవరేజ్ ఉందా. ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా తీసుకోండి.

ట్యాలీ_అక్క:
పర్చేజ్ మేడమ్‌ని అడిగారా? ఆవిడ ఎక్సెల్‌లో రోజంతా రేట్లు కొడుతుంటారేమో.

బెజవాడ_సిస్టమ్స్:
అడగలేదు అక్కా. మెయిల్ పంపేముందే ఆవిడ సీటు దగ్గరికి వెళ్తాను.